యెల్లె

చొక్కా వీపు మీద అక్షరాలు చదివి
"జెల్లె" అన్నాం అందరం.
జాలరిపేట గుంటలైతే పగలబడి నవ్వారు:
"జెల్ల చేపరా! మీసాలేవిరా నీకు?"
వాడు రెండు చేతులూ ఊపి
"జెల్లె కాదు, యెల్లె" అన్నాడు.
"పేరడిగితే ఎల్లమంటాడేటి, ఎక్కడికెల్లాలి?"
అని ఇసకలో పడి దొర్లారు.

పంతొమ్మిదేళ్ళు.
హాలెండులో పెద్ద జట్టుకి ఆడినది ఒక్కసారి,
పదకొండు నిమిషాలు, వానలో.
బంతి కాలికి తగిలింది నాలుగుసార్లట.
అయిదోది తగిలేలోపు మోకాలు పోయింది.
కుట్లు ఆరేసరికి ఒప్పందమూ ఆరిపోయింది.
ఏజెంటు మ్యాపు తిప్పితే
వేలు ఆగిన చోట విశాఖపట్నం.

నేను జట్టు చొక్కాలు ఉతుకుతాను.
మనుషుల్ని మరకలతో గుర్తుపెట్టుకుంటాను.
గోల్‌కీపరు దానయ్యది మోచేతుల దగ్గర గడ్డి పసరు,
కెప్టెనుది మెడ పట్టీకి అమృతాంజనం వాసన.
ఇరవై ఏడో నంబరు మాత్రం
నెల రోజులు తెల్లగా వచ్చి తెల్లగా వెళ్ళింది.
బెంచీ దుమ్ము తప్ప ఏమీ లేదు.
పోర్టు మీంచి గాలి మోసుకొచ్చే ఇనుప రాయి దుమ్ము అది,
ఈ ఊళ్ళో పరిగెత్తేవాడికీ అంటుతుంది,
కూర్చున్నవాడికీ అంటుతుంది.

సాయంత్రాలు మా పేటకొచ్చేవాడు.
ఆటు దిగిన తడి ఇసక, రెండు తెప్పల మధ్య గోలు.
వాళ్ళ ఊరు సముద్రం కంటే కిందుంటుందని
చేతులతో చూపించాడోసారి,
గట్టు ఇంత, నీళ్ళు అంత.
మైలపల్లి ఎర్రయ్య వల కుడుతూ తలెత్తలేదు.
"అయితే వల పైకి ఇసురుతారేటి బాబూ?"

బూటు కాలిని చూస్తే ఇసక నవ్వుతుంది.
విప్పేశాడు.
పన్నెండేళ్ళ నూకాలు, చేపల బుట్ట మోసే మెడ దానిది,
బంతిని మడమతో వెనక్కి లాగి
వాడి కాళ్ళ మధ్యనుంచి తోసి
"జెల్ల!" అని అరిచింది.
ఆ మాటకి రెండో అర్థం ఆవేళ తెలిసింది వాడికి.
వారం రోజులు తిన్నాడు జెల్లలు.
ఎనిమిదో నాడు తను కొట్టాడు ఒకటి.
నూకాలు అలిగి వెళ్ళి పడవ చాటున కూచుంది.

కార్తీకం చివర, తుఫాను దాటిన మూడో రోజు.
గ్రౌండు మూలల్లో ఇంకా నీళ్ళు.
డెబ్భై తొమ్మిదో నిమిషంలో లేపారు బెంచీ మీంచి.
వాన లేదు, వానంత ఉక్క.
మొదటి బంతి జారింది. రెండోది ఎవడో లాక్కున్నాడు.
కాసేపటికి ఒకటి పాదానికి అతుక్కుంది.
ఎదర ఒక్కడే డిఫెండరు, వాడి వెనక కీపరు.
వీడు ఆగాడు.
గీత దగ్గర నిలబడి నేను చూశాను,
బంతిని కాదు,
మోకాలిని చూసుకుంటున్నాడు.

అప్పుడు చవక గ్యాలరీలోంచి
ముప్పై నలభై ఉప్పు గొంతులు
"ఎల్లె! ఎల్లెహే! ఎల్లు!"
పేరు పిలిచారో, పొమ్మన్నారో
వాళ్ళకే తెలీదు.
ఈ ఊళ్ళో మొదటిసారి వాడి పేరు సరిగ్గా పలికింది.

ఎల్లాడు.
మడమతో లాగి, కాళ్ళ మధ్యనుంచి తోసి,
జెల్ల కొట్టి,
ఎడమ కాలితో

స్తంభం.

హార్బరులో లంగరు గొలుసు జారినట్టు ఖణేల్మంది.
బంతి గోడ దాటి
మురీ మిక్చరు బండి చక్రం దగ్గర ఆగింది.
మ్యాచి సున్నా సున్నా.
వాడికి మళ్ళీ పదకొండు నిమిషాలే.
అయితే బంతి తగిలింది తొమ్మిదిసార్లు,
నేను లెక్కపెట్టాను.

రాత్రి చొక్కా ఎత్తితే బరువుగా ఉంది.
బురద, చెమట, సున్నం గీత,
భుజం మీద ఇనుప రాయి ఎరుపు.
సబ్బు రెండుసార్లు పెట్టాను.
మూడోసారి పెట్టబోయి ఊరుకున్నాను.
పద్దులో రాశాను:
ఇరవై ఏడు. ఒకటి. మరక ఉంది.