చెడిపోయిన కాపీలు

అరండల్‌పేట నాలుగో లైనులో
నిలబడితే సరిపోయే కొట్టు నాది.
ఒక జిరాక్స్ మిషను, ఒక లామినేషన్ పెట్టె,
బుద్ధి పుడితే తిరిగే ఫాను.

రోళ్లు పగిలే ఎండలో, కరెంటు పోయిన మధ్యాహ్నం
ఫోను ఒక్కసారి గొంతు సవరించుకుంది:
'మీ పేరు మీద విచారణ నమోదైంది.'

విచారణంటే నాకు తెలిసినవి రెండే.
పోలీసులు చేసేదొకటి, పెళ్లివారు చేసేదొకటి.
రెండిటికీ నా వయసు దాటిపోయింది.

ఎవరో నేనయ్యారు.
నా పాన్ నంబరు తొడుక్కుని
పద్దెనిమిది వేల ఫోను
వాయిదాల మీద అడిగారు.

మేడ మీద అద్దెకుండి సీఏ చదివే ప్రసూన
నా చేతిలో ఫోను తీసుకుని చెప్పింది:
"ఇది అప్పు కాదాంటీ, అప్పు అడిగిన అడుగుల చప్పుడు.
ఇచ్చేస్తే ఇంకో మెసేజి వస్తుంది.
అప్పటిదాకా ఆగక్కర్లేదు, ఇది నేను కాదని ఇప్పుడే రాసెయ్యి.
నీ లెక్క నువ్వు చూసుకుంటే మార్కు తగ్గదు.
అప్పిచ్చేవాడు తొంగిచూస్తే కాస్త గీరుకుంటుంది."

రాశాను.
ఇక కాపలాకి ఎవర్ని పెట్టుకోవాలి?

ఊరకే వచ్చేదొకటి దించుకున్నాను.
ఊరకే వచ్చింది గనక దాని కూడు అదే వెతుక్కుంది.
తెల్లారేసరికి ఎనిమిది ఫోన్లు,
మేడం, మీకు రెండు లక్షలు మంజూరయ్యాయని.
దొంగొస్తే మొరగమని పెంచుకుంటే
వీధిలో వాళ్లందర్నీ ఇంట్లోకి పిలుచుకొచ్చే కుక్క.

నెలకి నూటతొంభై అడిగేదాన్ని చూశాను.
పచ్చా ఎరుపూ చక్రం, మధ్యలో నా బతుకు
ఏడువందల ముప్ఫయ్యొకటి.
అడుగున చీమతలకాయలంత అక్షరాలు.
ప్రింటు తీసి, నూటయాభై శాతానికి పెంచి చదివాను
(ఇదే కదా నా వృత్తి).
నాలుగు గుమ్మాలున్న ఇంట్లో
అది ఒక్క గుమ్మం దగ్గరే కూర్చుంటుందట.

ఆ నలుగురు లెక్కలవాళ్లూ
ఏడాదికోసారి చిట్టా ఊరకే ఇవ్వాలని
ప్రసూనే చెప్పింది.
సరే, ఉగాదికి ఒకర్ని అడుగుతాను,
తొలకరికి ఒకర్ని, దసరాకి ఒకర్ని,
క్రిస్మస్ కేకు కోసే ముందు నాలుగోవాడిని.
మధ్యలో బ్యాంకు మెసేజి ఏదొచ్చినా
చదవకుండా తుడిచేయను.

అంతటితో అయిపోయిందనుకున్నా.

సాయంత్రం మీరావలి బండి దగ్గర
రెండు మిరపకాయ బజ్జీలు, ఉల్లిపాయ పెట్టించి.
తిందామని విప్పితే
నూనె తాగి అద్దమైన కాగితంలోంచి
ఒక మొహం నన్ను చూస్తోంది.
మీసాలున్న మొహం, పక్కన పాన్ నంబరు.
ఎడమ అంచున సన్నటి నల్లగీత.

ఆ గీత నాది.
నా మిషను డ్రమ్ము మీది గాటు.
వెయ్యి కాగితాల్లో కలిపేసినా పోల్చుకుంటాను.

చెడిపోయిన కాపీలు, వంకరపోయినవీ, మసకేసినవీ
కిలో పన్నెండుకి
నేనే తూచి మీరావలికి అమ్ముతున్నాను, ఆరేళ్లుగా.
రోజూ పొద్దున్నే మిషను సరిగా ఉందో లేదోనని
తీసి అవతల పారేసే మొదటి కాపీ,
అలవాటు కొద్దీ,
నా పాన్ కార్డే.

మీరావలి తలగోక్కున్నాడు.
"నాకు చదువు రాదక్కా. కాగితం మందంగా ఉంటే చాలు నాకు."

ఇప్పుడు కొట్లో బక్కెట్టు నీళ్లు పెట్టాను.
చెడిన కాపీ అందులో నానుతుంది,
పేరూ నంబరూ పిండై పోయేదాకా.
నెల తిరక్కముందే మెసేజి వచ్చింది,
ఆ విచారణ తీసేశారట.
నా వరకు తీసేశారు.

ఆ బజ్జీ కాగితం మాత్రం లామినేషన్ చేసి దాచాను.
ముందు సగం పేరు నూనె మింగింది,
మిగిలింది 'రత్నం'.
జీవరత్నమో, దేవరత్నమో, కరుణారత్నమో,
మా పేటలో రత్నాలకేం కొదవ!

రత్నం అన్న పేరుతో ఎవరు కాపీకొచ్చినా
డబ్బులు తీసుకోను.
ముందు ఒక్కసారి ఫోను చూపించు బాబూ, అంటాను,
ఏమన్నా మెసేజి వచ్చిందా?