సరిపోలలేదు

ఆదివారం జెకర్యా అయ్యగారు గొంతెత్తి చెప్పాడు:
ముద్ర లేనిదే ఉప్పురాయి కూడా పుట్టని రోజులొచ్చేశాయి,
కొట్టుకొట్టుకీ అంటించిన ఆ నల్లగళ్ళు చూడండని.
మా కానుకలపెట్టె మీదా అవే గళ్ళు.

సోమవారం, టంగుటూరు రేషన్ కొట్టు.
మాలకొండయ్య మిషన్ మీద రూతమ్మ బొటనవేలు.
సరిపోలలేదు, అంది మిషన్.
కొంగుకి తుడుచుకుని మళ్ళీ పెట్టింది.
సరిపోలలేదు.

నలభై ఏళ్ళు పొగాకు గ్రేడింగు చేసిన వేలు.
దాని గీతలన్నీ ఆకుల జిగురుకి అంటుకుని
బేళ్ళలో పడి, ఓడెక్కి,
ఏ దేశంలోనో ఎవరి నోట్లోనో
పొగైపోయుంటాయి.

"ముద్రే లేదంటన్నాడు, ఇంక నాకు పరలోకం ఖాయమేగా!"
అంది. నవ్వడానికి ఒకరిద్దరు నవ్వారు.
ఆమె చేతిలో సంచి మడత విప్పనేలేదు.

జబ్బ మీద మాత్రం టీకా మచ్చ ఉంది.
అది వేసిననాడు వాళ్ళ అవ్వ శోకాలు పెట్టిందంట,
ఇదే ఆ గుర్తని.
పేటకి కరెంటొచ్చిననాడూ అదే మాట,
ఉప్పెన ఏడాదీ అదే.
అంతం వచ్చిన ప్రతిసారీ
తెల్లారి బ్యారన్లో పనికి పోయింది రూతమ్మ.

అయ్యగారిది ఉత్తమాటని నేననను.
ఏదో మనల్ని లెక్కపెడతానే ఉంది,
లెక్కలో లేనోళ్ళని తోసేస్తానే ఉంది.
దానికి కొమ్ములున్నాయా, తలలెన్ని, నాకు తెలవదు.
ఎర్రలైటు ఒకటి చూశాను.

కన్ను పెట్టమన్నాడు మాలకొండయ్య. పెట్టింది.
శుక్లం.
క్యూ గొణిగింది. ఎండెక్కింది.
చివరికి ఆయన అటూ ఇటూ చూసి
మూడు కిలోలు తన మూటలోంచి తూచి
చెవిమీది పెన్సిల్ తీసి
చిరిగిన అట్టల పుస్తకం తెరిచి
ఆమె పేరు రాసుకున్నాడు.