వెన్న శాతం

పొద్దున ఎనిమిదీ యాభైకి
బడి వెనక గుండెక్కి నిలబడతాను.
పైకి, ఇంకొంచెం పైకి ఫోనెత్తితే
పలమనేరు వైపు నుంచి ఒక గీత సిగ్నలొస్తుంది.
ముఖం చూపిస్తాను. రెప్ప కొట్టమంటుంది. కొడతాను.
నేను వచ్చినట్టు అప్పుడు ఖాయం.
కింద పద్నాలుగు మంది పిల్లలు
అప్పటికే నన్ను చూసి నవ్వుతుంటారు.
వాళ్ళ సాక్ష్యం చెల్లదు.

నిన్న మండలంలో మీటింగు.
ఇకమీద జీతం మార్కుల్ని బట్టి అంటున్నారు,
పిల్లలకు ఎంతొస్తే మాకంత.
ఇంకా జీవో కాలేదు, ఆలోచనే అన్నారు ఎంఈఓ గారు
టీలో బిస్కెట్టు ముంచుకుంటా.
నాకు మా ఊరి పాలకేంద్రం గుర్తొచ్చింది.
క్యానులోంచి చెంచాడు తీసి మిషన్లో పోస్తే
వెన్న ఇంత, రేటు ఇంత అని చీటీ వస్తుంది.
పచ్చిగడ్డి దొరకని ఎండాకాలం
ఆవు ఎంత మంచిదైనా అంకె దిగిపోతుంది.
చీటీలో ఎండ గురించి రాయరు.

అట్లని కొలతే వద్దనను.
నీళ్ళు కలిపేవాళ్ళు లేరనీ అనను.
దొరస్వామి సారు పన్నెండేళ్ళు మా పక్కబడిలో
కుర్చీలోనే కునుకు తీసి
నాకు ఆరింతల జీతం తీసుకుని
మొన్న శాలువా కప్పించుకుని రిటైరయినాడు.
ఆయన దగ్గర చదివిన పిల్లోడు
ఐదో తరగతికి నా దగ్గరికొచ్చి
తన పేరును బొమ్మ గీసినట్టు గీసినాడు.
ఆ రోజు నాకే అనిపించింది
ఎవరైనా ఒక మిషను తెస్తే బాగుండునని.

నేను కాంట్రాక్టు.
జీతం పడి నాలుగు నెలలు.

ఇంతకీ మోనిష సంగతి చెప్పాల.
పరీక్షలో ఇరవైకి తొమ్మిది. నా ఖాతాలో ఎర్రరంగు.
ఇంట్లో అరవం, బళ్ళో తెలుగు, పుస్తకంలో ఇంకో తెలుగు,
ప్రశ్న అర్థమయ్యేసరికి బెల్లు కొడతారు.
దశాంశాలు చెప్పిన వారం
వాళ్ళమ్మ కొంగున ముడేసిన పాల చీటీలన్నీ విప్పి
నేలమీద పరుచుకుని కూర్చుంది.
నాలుగు పాయింట్ ఒకటీ ఐదును
నాలుగు పాయింట్ ఒకటి చేసి కడుతున్నారని పట్టేసింది.
పాలకేంద్రం కాడ, అంతమందిలో, అడిగేసింది.
నూట పదకొండు రూపాయలు వెనక్కొచ్చినాయి కాంచనమ్మకు.

ఎంఈఓ గారూ, మీ ఫారం నలభై గడులూ వెతికినాను.
మరుగుదొడ్డి ఫోటోకు గడుంది, కోడిగుడ్డు ఫోటోకు గడుంది,
ఆ నూట పదకొండుకు లేదు.
పోనీ, ఇంకో పదేళ్ళకు
ఎవురి ముందరో తల దించకుండా ఆ పిల్ల ఇంకేదైనా అడిగితే,
అప్పటికి నేను ఏ బళ్ళో ఉంటానో,
అసలు బళ్ళో ఉంటానో లేదో,
ఆ రేటు ఎవురికి కడతారు?

సాయంత్రం చెంబు తీసుకుని కాంచనమ్మ ఇంటికి పోయినాను.
"జీతం పడిందా మేడం?"
"లేదు."
అరలీటరు పోసింది, మీద ఇంత కొసరు పోసింది.
క్యాలెండరు వెనక నా పేరు కింద ఇంకో గీత గీసింది.
మోనిష వచ్చి గీతలు లెక్కపెట్టి
పద్దెనిమిదితో హెచ్చవేసి కింద రాసింది:
రెండు వేల నూట అరవై.

సరిచూసినాను.
తప్పు లేదు.