అరుగుదల

మా గువ్వల్లంకలో రాయి పుట్టదు.
చిన్నప్పుడు మామిడికాయ మీదికి విసరాలంటే
మట్టిబెడ్డే గతి. అది తగిలితే
కాయ కన్నా ముందు బెడ్డే రాలిపోయేది.
ఊరంతా వెతికినా రాళ్ళంటే
ఇంటికో రోలు, చాకిరేవులో రెండు బండలు,
మేం పాతిన హద్దురాళ్ళు.
అన్నీ పడవెక్కి వచ్చినవే, కోడళ్ళలాగా.

మేం అంటే సర్వేవాళ్ళం.
పట్టాభిగారు పుస్తకం రాసేవారు,
నేను గొలుసు పట్టేవాణ్ణి.
ముప్పై ఒక్క ఏళ్ళు ఇనప లింకులు తడిమి తడిమి
బొటనవేలి మీద గీతలన్నీ అరిగిపోయాయి.
ఇప్పుడు రేషను డిపోలో ఆ మిషను
నన్ను నేనని ఒప్పుకోదు.
"తుడిచి మళ్ళీ పెట్టు తాతా" అంటాడు కుర్రాడు.
తుడవడానికి ఏముంది అక్కడ?

నేలపూడి ఎస్తేరమ్మకు ఎనభై సెంట్ల పట్టా
మేం కొలిచిందే.
తూర్పున పుంతదారి, పడమర గోదావరి అని రాశాం.
కదిలేదాన్ని హద్దుగా రాయకూడదని
అప్పుడు తోచలేదు.

గట్టు వరద వచ్చినప్పుడు తెగదు.
వచ్చినప్పుడు నీరే దాన్ని ఆనుకుని నిలబెడుతుంది.
తీసినప్పుడు తెగుతుంది,
అమ్మయ్య అని జనం చాపలు ఎండేసుకుంటున్నప్పుడు.
ముందు వెంట్రుకంత బీట.
పొద్దుటికి అరచెయ్యి దూరేంత.
మధ్యాహ్నం బెండపాదుతో సహా
గుబేల్ మని ఒక ముక్క.
కాసేపు నీళ్ళు ఎర్రగా గిరగిరా తిరిగి
ఏమీ ఎరగనట్టు వెళ్ళిపోతాయి.

"ఈ ఏడు కోత ఎంతమ్మా?" అని పలకరిస్తే
"పన్నెండు గజాలు" అంది ఎస్తేరమ్మ.
నేను అడిగింది వడ్ల సంగతి.

ఇంట్లో మా అమ్మ రోలు ఉంది.
ఎగువ కొండల్లో ఏ పేరులేని గుట్టనుంచో
తాతగారు రెండు బస్తాల ధాన్యానికి తెచ్చారట.
"రోళ్ళకు గంట్లు పెడతాం" అని కేకేస్తూ
ఏటా ఒకామె ఉలితో వచ్చేది.
పెట్టిన గంట్లు పండగకల్లా నున్నన.
గుంట లోతైంది, పొత్రం చిక్కింది.
ఆ పోయిన రాయంతా ఎక్కడికి పోయిందని
ఒకరోజు పిండి తీస్తూ అడిగాను.
అమ్మ నా పొట్టకేసి చూసి నవ్వింది.
తిన్నది అరిగిందా అంటాం, రోలు అరిగింది అంటాం.
రెండూ ఒకటేనని
అప్పటిదాకా నాకు వినపడలేదు.

ఇక పైన కొండల్లో జరిగేదీ అదే కాబోలు.
ఎండకు పగిలి, వానకు నాని,
వేరు దూరి నెర్రె విచ్చి,
బండ గులకరాయై, గులక ఇసుకై,
ఇసుక నలిగి నలిగి ఒండ్రై,
ఆషాఢం దాటాక ఎర్రనీళ్ళలో
రుబ్బిన పిండిలా మా గుమ్మంలోకి వస్తుంది.
ఏ తొందరా లేదు దానికి. మనిషికే తొందర.

మూడేళ్ళ తరవాత అవతలి ఒడ్డున మేట లేచింది.
ముందు ఇసుక, పైన జానెడు మట్టి,
ఎవరూ చల్లకుండానే రెల్లు.
ఎస్తేరమ్మ నన్ను పడవలో తీసుకెళ్ళింది.
దిగి, ఒక పిడికెడు తీసి వాసన చూసి
"ఇది నాదేనయ్యా" అంది.
అది కొండదనీ, ఎగువ ఊళ్ళ వాళ్ళందరిదనీ
చెప్పబోయి ఊరుకున్నాను.
వాసనకు మా పుస్తకంలో గడి లేదు.
పట్టాభిగారు లేరు. గొలుసు ఆఫీసులో తుప్పు పడుతోంది.

"కొలిచి పెట్టు" అంది.
అడుగులతో కొలిచాను,
ఆమె దోసగింజల మూట చంకన పెట్టుకుని
వెనకే లెక్కపెడుతూ.

ఎనభై మూడు సెంట్లు వచ్చింది.
ఆ మూడు ఎవరివో కొట్టుకొచ్చి కలిశాయో,
నా అడుగే అరిగిందో.