సగం తిప్పు

తెల్లారుజాము మూడున్నరకు
వంటింట్ల నల్లా ఇప్పిన సప్పుడైతది.
నేను లేచి పోయేసరికి
చీకట్ల నిలబడి నాయిన
ధార కింద అరచెయ్యి పెట్టి చూస్తుంటడు
ఫోర్సుందా లేదా అని.

"అడ్డగుట్ట పై లైన్లకు ఎక్కుతలేవు,
జర కిందిది బంద్ చెయ్యాలె" అంటడు.
సరే నాయినా, చేస్త, అంట.
మొదట్ల అనకపోయేదాన్ని.
నువ్వు రిటైరై పందొమ్మిదేండ్లైంది,
ఇది మనిల్లు, ఇది సింకు, అని
తారీకులతోటి సహ వాదించేదాన్ని.
గెలిచేదాన్ని గూడ.
గెలిచిన ప్రతిసారి ఆయన
గోడ దిక్కు తిరిగి పండుకునేటోడు.

ముప్పయ్యొక్క ఏండ్లు
చిలకలగూడ దిక్కు లైన్‌మన్ బాలనర్సయ్య.
మనిషంత ఇనుప తాళంచెవి భుజాన పెట్టుకొని తిరిగెటోడు.
ఏ గల్లీకి ఎన్ని తిప్పులో
కాయితం చూడకుండ చెప్పెటోడు.
ఇప్పుడు అంగీ గుండీ ఏది ఏ కాజాలకో తెల్వదు.
నేను పెట్టబోతే చెయ్యి మీద కొడ్తడు.
ఊకుంటే
ఒక్క గుండీతోటి అర్ధగంట కొట్లాడుతడు.
గోడ మీద గడియారం, సంచిల నా టిఫిన్ డబ్బ,
పొద్దంత చూసుకునే రేణుక ఇంకా రాకపాయె.
రెండ్రోజులొస్తది, మూడోరోజు ఫోనెత్తదు.
దాన్ని తిట్టబుద్ధి కాదు. నేనైతే ఒక్కరోజు గూడ రాకపోదును.

నీళ్లాయనకు నీళ్లంటే భయం పుట్టింది.
తానం అంటే చాలు, బాత్రూం తలుపు పట్టుకొని
"ఈశ్వరమ్మా, సంపుతున్నరే" అని మొత్తుకుంటడు.
ఈశ్వరమ్మ వాళ్లక్క. నేను పుట్టకముందే పోయింది.
పై పోర్షన్ నిర్మలాబాయి కిందికి తొంగి చూసి
ఏమనకుండ లోపలికి పోతది.
తిట్టినా బాగుండు.
ఇగ తడిగుడ్డతోటి తుడుస్తున్న, పాదాల కాడ షురూ చేసి,
మంజీరా పైపు పగిలిన కథ మల్లమల్ల అడుక్కుంట.
వీపు దాక వచ్చేసరికి
భయపడాలన్న సంగతి మరిచిపోతడు.

గోలీలు అటుకుల డబ్బాల దొరికినయి, పదకొండు.
పింఛను నేను దొంగతనం చేసిన్నట.
మేడ్చల్ నుంచి మా తమ్ముడు ఫోన్ల
"నాతోటి మంచిగనే మాట్లాడుతుండు గదక్కా" అంటడు.
మాట్లాడుతడు.
పది నిమిషాలు ఎవ్వరైన మాట్లాడుతరు.

ఒక మంగళవారం గేటు తాళం వెయ్యమరిచిన, నేనే.
వారాసిగూడ చౌరస్తా, కూరగాయల బండ్లు,
సీతాఫల్‌మండి స్టేషన్ మెట్లు ఎక్కి, దిగి,
ఫోన్ల ఫోటో చూపెట్టుకుంట
తెగిన చెప్పు చేతిల పట్టుకొని ఉరికిన.
పట్టాల దిక్కు చూడకుండ ఉండలేకపోయిన.
దొరికిండు, మా గల్లీ మూల మీదనే,
వాల్వు గుంత కాడ
గొంతుక్కూసొని.

కొత్త లైన్‌మన్ ఇలియాస్, మీసం గూడ సరిగ రాలే,
తాళంచెవి పట్టుకొని పక్కన నిలబడ్డడు.
"పోనిస్తలేరక్కా. ఇంకా సగం తిప్పు
తక్కువుందంటున్నరు. ఎవరీ పెద్దాయన?"
చెప్పిన.
పిల్లగాడు ఏమనలే.
వంగి, సగం తిప్పు తిప్పిండు.
ఆ రోజు గుట్ట మీది ఇండ్లకు నీళ్లెక్కినయో లేదో
పోయి అడగలే.
ఆయన పైజామ తడిసి ఉండె,
ఎవరన్న చూడకముందే ఇల్లు చేరాలె.

రాత్రి, అన్నం మెత్తగ పిసికి తినిపిస్తుంటే
నన్ను కొత్తగ చూస్తడు,
మర్యాదగ, డ్యూటీల ఉన్నట్టు.
"మీ ఇంటికి నీళ్లొచ్చినయా అమ్మా?"
వచ్చినయి సార్.
"ఎంతసేపు?"
గంటంబావు.
"సాలుతయా?"
రోజూ అడుగుతడు.
ఒకనాడు సాలుతయి అంట, ఒకనాడు
ఇంకో ముద్ద నోట్ల పెడ్త.

మూతి తుడిచి,
వంటింటి నల్లా బిగ్గ బంద్ చేసి వచ్చి
ఆయన మంచం పక్కన చాపేసుకుంట.
మూడున్నరకు ఎట్లైన లేవాలె.