గంటన్నర వెనక

ఆదివారం రాత్రి. షార్జా, సజ్జా క్యాంపు.
పప్పు డబ్బాకు ఆనించిన ఫోను,
దాని ముందర ఏడుగురం.

సినిమాల పోలీసాయన పాత లిఫ్టు ఎక్కి
పోయినేడాది మంగళారంల దిగిండు.
ఖూనీ ఇంకా కాలే.
కత్తి ఇంకా దుకాణంలనే ఉన్నది,
బేరం నడుస్తున్నది.

"గా మందుల షాపాయనే" అంటడు లింబాద్రి.
"నోర్ముయ్, చూడనీ" అంటడు పోశెట్టి.
ఒంటికి లేవాల్సినోడు కూడ లేవడు.

మేం ఊరికంటె గంటన్నర వెనక బతికేటోళ్లం.
అక్కడ తెల్లారినా మాకింక చీకటే.
ఆ గంటన్నరల ఏదన్న ఆపొచ్చని
ఒక్కోసారి నిజంగనే అనిపిస్తది.

నా వేలు మాటిమాటికి
పది సెకండ్లు వెనక్కి నొక్కుతది.
"క్లూ చూస్తున్న" అంట.
అబద్ధం.

తొమ్మిదో అంతస్తు, తుప్పు వట్టిన కొక్కెం.
"నువ్వెక్కు, నేను చాయ తాగొస్త"
అని భూమన్నతోని అన్నది నేనే.
చక్కెర కరిగినంత సేపు పట్టింది.

కంపెనీ కాయితంల ఖూనీకోరు లేడు.
'గాలి' అని రాసిండ్రు.

సినిమాల మాత్రం దొరికిండు.
అందరు ఈలలేసిండ్రు.
లింబాద్రి అలిగి పండుకున్నడు.

లైటార్పిండ్రు. నాలుగింటికి బస్సు.
భూమన్న మంచం మీద ఎవరిదో తడి టవలు.
చెవులల్ల తీగలు వెట్టుకొని
మళ్ల మొదటికి గుంజిన.
లిఫ్టు తలుపు తెరుచుకుంటున్నది.