ఖుష్కి – తరి

ఖాజామియా బ్యాండు సెట్టు అమ్ముకున్న ఏడు
ఆరువేలకు నాకొచ్చింది ఈ కీబోర్డు.
పై గాంధారం నొక్కితే లోపల్నే ఉంటది,
గోరుతోని లేపాలె.
చండూరు రోడ్డు మీద, ఎరువుల దుకాణం పైన రూము.
చప్పుడు బయటికి పోకుండ గోడలకు గుడ్ల ట్రేలు కొట్టిన.
యూరియా వాసన మాత్రం లోపలికి వస్తనే ఉంటది.

మొదటి రాత్రి ఫ్లూటు పెట్టి ఒక్క స్వరం వాయించిన.
వేలు తీయంగనే తెగింది,
కత్తెరకు చిక్కిన పోగు లెక్క.
దాని ముందు ఏం లేదు, వెనుక ఏం లేదు.
మా రెండెకరాలు యాదికొచ్చినయ్.
పహాణీల వాటికి ఎదురుంగ ఒకటే మాట: ఖుష్కి.

గీ డబ్బాకు పక్కపొంటి ఒక గుండి ఉన్నది.
ఈ కొస పొడి, ఆ కొస తడి.
కంపెనీ ఏం రాసిందో నాకెందుకు,
సుద్దముక్కతోని నా మాటలు రాసుకున్న.
పట్వారి లేడు, అర్జీ లేదు,
బొటనవేలితోని తిప్పితే చాలు
ఖుష్కి తరి అయితది.

లోపల చానా ఇండ్లున్నయ్.
చిన్న రూము, పెద్ద హాలు, చర్చి, ఇంకేదో ఇనుప పలక.
పెద్ద హాల్ల నా ఫ్లూటు
పిలువని చుట్టం లెక్క కుర్చీల నడుమ తిరిగింది.
చర్చి పెడితే మరీ దూరం పోయింది,
నేను పిలిస్తే గుర్తుపట్టలేదు.
మూడు రాత్రులు కూసున్న.
తోక కురుచ చేసిన.
మర్లివచ్చే మొదటి చప్పుడును దగ్గరికి జరిపిన.
పైపైన మెరిసేదంత కోసేసిన,
నాచు పట్టిన రాయికి తాకి
మాట మెత్తగ వస్తది కద, అట్ల.
నాలుగో నాడు తెల్లారంగ దొరికింది
మా మోటబాయి.
దరి మీద బోర్ల పండి ‘ఓ ఈదిగా’ అని ఒర్లితే
నీళ్లు ఒక్క గడియ ఆలోచించి
నా పేరు నాకే తిరిగిచ్చిన బాయి.
పూడ్చి పదేండ్లాయె.
దాని మీద ఇప్పుడు సెల్ టవరున్నది.

దాచుకునే పేరుకు తెర మీద ఎనిమిది గడులే.
ఇంగ్లీషు అచ్చరాలల్ల ‘బాయి’ అని కొట్టిన.
మూడు గడులు ఖాళీగ మిగిలినయ్.

ఇగ అసలు సంగతి.
నా వేళ్లు సాగవు.
బాయి ఎండినంక తాగిన బోరునీళ్లు
ఎముకలల్ల సున్నం పోసినయ్.
చూపుడువేలు, బొటనవేలు,
ఈ రెండే నా మాట ఇంటయ్.
‘రెండు వేళ్లకు ఏం వాద్యమొస్తది బేటా,
డప్పు నేర్చుకో’ అన్నడు ఖాజామియా.
డప్పుకు భుజం కావాలె.
అది వేళ్లకన్న ముందే మొండికేసింది.

అందుకే ఆలస్యం చేసే గుండి కాడ ఆగిపోయిన.
ఒక్కటి నొక్కుత.
అది మల్ల అంటది, ఇంకోసారి అంటది,
కొంచెం సన్నగ, కొంచెం అవతల నుంచి.
నాటుకాడ ఒకామె పాట ఎత్తుకుంటే
వెనుక వరుస ఆగి అందుకున్నట్టు.
అందరిది ఒకే శ్రుతి కాదు, వెంట్రుకవాసి తప్పు.
ఆ తప్పుకు కూడ ఒక గుండి ఉన్నది.
దాన్ని సరిచేస్తే నలుగురు పోయి
మల్ల ఒక్క గొంతే మిగులుతది.
నేను ఒక్క మొలక గుచ్చుత.
మడి అదే నిండుతది.

మొన్న నల్లగొండ నుంచి సుకన్య వచ్చింది,
పది వేళ్లు పరుగెత్తే పిల్ల.
ఇని అడిగింది:
‘అన్నా, ఇది నువ్వు వాయిస్తున్నవా, మిషిను వాయిస్తున్నదా?’

గుండిని మొత్తం ఖుష్కి దిక్కు తిప్పిన.
ఒక్క స్వరం ఇనిపించిన.
కత్తెర. పోగు.
పిల్ల ఊకున్నది, కింద దుకాణంల తూకంరాళ్లు మోగినయ్.

మల్ల మెల్లగ ముప్పై అయిదు కాడికి తెచ్చిన.
‘నలభై దాటనియ్యకు’ అన్న,
‘మొలక మునుగుతది.’